కార్టూన్‌లో గుర్తులు: సగం గీతది, సగం మనది



ఒక బొమ్మ గురించి చెప్తాను. రేడియోలో బొమ్మ చూపించలేం. అందుకని నేను చెప్తూ ఉంటే మీరు మనసులో గీసుకోండి.

ఒక స్నానాల గది. అందులో నీళ్ల తొట్టి. తొట్టిలో ఒక పెద్దమనిషి ఛాతీ దాకా మునిగి కూర్చున్నాడు. ఒంటి మీద బట్టల్లేవు. గది తలుపు కొంచెం తెరుచుకుని ఉంది. ఆ సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. చెయ్యి మాత్రమే, ముఖం కనపడదు. తొట్టిలో ఉన్న పెద్దమనిషి కలం పట్టుకుని, సంతకం పెట్టిన కాగితం ఆ చేతికి అందిస్తున్నాడు. ఇంకా ఆర్డినెన్సులుంటే కాస్త ఆగమని చెప్పు అంటున్నాడు.

ఆ పెద్దమనిషి అప్పటి మన రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. బొమ్మ గీసినాయన అబూ అబ్రహాం. 1975 డిసెంబరు 10న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో అచ్చయింది. అప్పుడు దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. జూన్ 25 రాత్రి పెట్టారు. పత్రికల మీద సెన్సారు ఉంది. అబూ అబ్రహాం అప్పటికి రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడు కూడా. అలాంటి రోజుల్లో ఆ బొమ్మ బయటికి వచ్చింది. ఇన్నేళ్లయినా ఎమర్జెన్సీ మాట ఎత్తితే చాలామందికి ముందు గుర్తొచ్చే బొమ్మ అదే.

ఇప్పుడు మనం ఆ బొమ్మని కాస్త విడదీసి చూద్దాం. ఎమర్జెన్సీ తప్పు అని అందులో ఎక్కడా రాయలేదు. రాష్ట్రపతి చదవకుండా సంతకాలు పెడుతున్నాడని రాయలేదు. మరి మనకి ఆ సంగతి ఎలా తెలిసింది? నీళ్ల తొట్టి చెప్పింది. దేశ చట్టం మీద సంతకం పెట్టాలంటే మనిషి కుర్చీలో కూర్చోవాలి. ముందు బల్ల ఉండాలి. కాగితం చదవాలి. అర్థం కాకపోతే అడగాలి. స్నానం చేసే మనిషికి ఆ తీరిక ఇవ్వలేదంటే, బయట ఉన్నవాళ్లకి ఎంత తొందరగా ఉందో తెలుస్తోంది. ఒంటి మీద బట్టల్లేకపోవడం ఇంకో మాట చెప్పింది. ఆ పదవికి ఉండే హోదా, ఆ దుస్తులు, ఆ గౌరవం అన్నీ తలుపవతల ఉండిపోయాయి. ఇక ఆ చెయ్యి. ముఖం గీయలేదు. గీయాల్సిన అవసరం రాలేదు. ఆ చెయ్యి ఎవరి తరఫున వచ్చిందో 1975లో పత్రిక చదివే ప్రతి మనిషికీ తెలుసు.

ఇవాళ నేను మీకు చెప్పదలచుకున్నది ఒకటే సంగతి. కార్టూన్‌లో గుర్తుకి సగం అర్థం గీతలో ఉంటుంది. మిగతా సగం మన జ్ఞాపకంలో ఉంటుంది. ఈ రెండో సగం ఎవరిదో తెలుసుకుంటే కార్టూన్ చదవడం వస్తుంది.

ఇంట్లో జరిగేదే ఒకటి చూడండి. సాయంత్రం మీరు పనినుంచి ఇంటికొచ్చారు. గుమ్మం ముందు ఒక చెప్పుల జత ఉంది. మడమ దగ్గర అరిగిపోయి, ఒక పక్కకి ఒరిగి ఉంది. చూడగానే, ఓహో మేనత్త వచ్చింది అనుకుంటారు. మనిషి కనపడలేదు, గొంతు వినపడలేదు. చెప్పులే చెప్పేశాయి. ఆవిడ వచ్చిందంటే రాత్రికి పప్పుచారు ఉంటుందనీ, మీ పెళ్లి మాట మళ్లీ ఎత్తుతుందనీ కూడా ఆ చెప్పులే చెప్పాయి. అదే చెప్పుల జతని పక్కింటివాళ్లు చూస్తే? వాళ్లకి అవి ఉత్త చెప్పులు. తేడా చెప్పుల్లో లేదు. మీ ఇంటి జ్ఞాపకంలో ఉంది.

కార్టూనిస్టు చేసేది ఇదే. ఊరందరికీ, రాష్ట్రానికంతటికీ, దేశానికంతటికీ గుర్తున్న వస్తువుని వెతికి పట్టుకుంటాడు. రెండు సున్నాలు గీసి మధ్యలో ఒక గీత కలిపితే గాంధీగారి కళ్లద్దాలు. ముఖం అక్కర్లేదు. 2014లో స్వచ్ఛభారత్ కార్యక్రమానికి చిహ్నంగా ఆ కళ్లద్దాలు ఒక్కటే పెట్టారు. దేశమంతా అర్థం చేసుకుంది. నెహ్రూకి కోటు మీద గులాబీ. చర్చిల్‌కి నోట్లో చుట్ట. బ్రిటన్ ప్రధాని చాంబర్లీన్‌కి చేతిలో గొడుగు. ఈ గొడుగు సంగతి చిత్రమైంది. 1938లో ఆయన మ్యూనిక్ వెళ్లి హిట్లర్‌తో ఒప్పందం చేసుకుని వచ్చినప్పుడు ఆ గొడుగు శాంతికి గుర్తుగా కనపడింది. ఏడాది తిరగకుండా యుద్ధం వచ్చింది. అదే గొడుగు లొంగుబాటుకి గుర్తయిపోయింది. గొడుగు మారలేదండీ. చూసేవాళ్లకి తెలిసిన కథ మారింది.

ఇప్పుడు ఒక మనిషి దగ్గరికి వద్దాం. ధోవతి, గళ్ల కోటు, కళ్లద్దాలు. బట్టతల, చెవుల మీద చెదిరిన తెల్లజుట్టు. చాలామంది శ్రోతలకి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడు. 1951లో టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో మొదలయ్యాడు. అంతకుముందు లక్ష్మణ్ ప్రజలని చూపించాలంటే ఒక గుంపుని గీసేవారట. ఒక బెంగాలీ, ఒక పంజాబీ, ఒక తమిళుడు, ఇలాగ. రోజూ పత్రిక గడువు తరుముకొస్తుంటే అంతమందిని గీయడానికి సమయం ఎక్కడిది? ఒక్కొక్కరినీ తగ్గించుకుంటూ వస్తే చివరికి ఈ ఒక్క పెద్దాయన మిగిలారు.

ఆయన మాట్లాడడు. మంత్రిగారి ఇంట్లో ఉంటాడు, విమానాశ్రయంలో ఉంటాడు, వరదలో ఉంటాడు, ఆఫీసు వరండాలో ఉంటాడు. అందరూ మాట్లాడుతుంటే చూస్తాడు. ఆయన చూస్తున్నాడు కాబట్టి వాళ్ల మాటల బరువు మనకి తెలుస్తుంది. ఆయన నోరు తెరిచి ఒక అభిప్రాయం చెప్పి ఉంటే ఆ రోజే ఒక పక్షం మనిషి అయిపోయేవాడు. నోరు మూసుకున్నాడు కాబట్టి మనందరం మన మాటని ఆయన నోట్లో పెట్టుకోగలిగాం. టైమ్స్ ఆఫ్ ఇండియా 150 ఏళ్ల సందర్భంగా 1988లో వచ్చిన తపాలా బిళ్ల మీద కూడా ఆయన బొమ్మే వేశారు. పుణెలో ఆయనకి విగ్రహం కూడా ఉంది. గీతతో పుట్టిన మనిషికి విగ్రహం పెట్టడం చిన్న విషయం కాదు.

నాకు లక్ష్మణ్ మీద చాలా గౌరవం. అయినా ఒక మాట చెప్పాలి. ఆ సామాన్యుడు ధోవతి మీద కోటు వేసుకున్నవాడు. పత్రిక చదివేవాడు. మగవాడు. ఆయన భార్య అప్పుడప్పుడు మాత్రమే బొమ్మలో కనపడుతుంది. గుంటూరు మిరప చేలో కాయలు కోసే ఆవిడ ఆ కోటులో తనని చూసుకోగలదా? పాలమూరు నుంచి కూలికి వలస పోయిన మనిషి చూసుకోగలడా? కొందరు చూసుకోగలరు, కొందరు చూసుకోలేరు. సామాన్యుడు అన్న గుర్తు కూడా ఎవరో ఒకరి జ్ఞాపకంలోంచే వచ్చింది. ఇందాక అన్నది ఇదే. సగం గీతలో, సగం జ్ఞాపకంలో.

మన దేశంలో కార్టూనిస్టులకి ఇంకో పెద్ద అదృష్టం పట్టింది. ఎన్నికల గుర్తులు. 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు దేశంలో అక్షరాస్యత 18 శాతం పైచిలుకు. ఐదుగురిలో ఒక్కరు కూడా అభ్యర్థి పేరు చదవలేరు. అందుకని పార్టీలకి బొమ్మలిచ్చారు. కాంగ్రెస్‌కి కాడెద్దులు. కమ్యూనిస్టులకి కంకీ కొడవలి. అక్షరం రాని అమ్మమ్మ కూడా బొమ్మ చూసి ఓటేసింది. అంటే ఓటేసే ప్రతి మనిషికీ గుర్తులు చదవడం ప్రభుత్వమే నేర్పించిందన్నమాట. గోడల మీద, జెండాల మీద, కరపత్రాల మీద అవే బొమ్మలు. కార్టూనిస్టుకి ఇంతకంటే ఏం కావాలి?

ఇక్కడ ఒక తమాషా జరిగింది. 1969లో కాంగ్రెస్ చీలింది. 1971 ఎన్నికల్లో ఇందిరాగాంధీ పక్షానికి ఆవూ దూడా గుర్తు వచ్చింది. రైతుల దేశం కదా, మంచి గుర్తే. కొన్నాళ్లకి ఆవిడ చిన్న కొడుకు సంజయ్ గాంధీ రాజకీయాల్లో పైకి వచ్చాడు. జనం ఆ గుర్తుని ఇంకోలా చదవడం మొదలుపెట్టారు. ఆవు తల్లి, దూడ కొడుకు అన్నారు. ఎన్నికల సంఘం అలా అనుకోలేదు. పార్టీ అలా అనుకోలేదు. బొమ్మలో ఒక్క గీత కూడా మారలేదు. జనం జ్ఞాపకంలో కొత్త సంగతి చేరింది, అంతే. గుర్తు అర్థం మారిపోయింది. 1978లో వాళ్లకి హస్తం గుర్తు వచ్చింది.

మన రెండు రాష్ట్రాల్లో కూడా చూడండి. పేర్లు చెప్పనక్కర్లేదు. సైకిల్ టైరులో గాలి పోయిందని గీస్తే ఎవరి సంగతో తెలుస్తుంది. కారు బురదలో దిగబడిందని గీస్తే తెలుస్తుంది. కమలం వాడిందన్నా, ఫ్యాను ఆగిందన్నా, చేతికి కట్టు కట్టారన్నా తెలుస్తుంది. రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్లు కూడా ఇదే భాషలో మాట్లాడతారు. గుర్తు ఒకసారి జనంలోకి వెళ్లాక అది పార్టీ ఒక్కదానిదే అవదు. పొగడాలన్నా, తిట్టాలన్నా, నవ్వాలన్నా అందరికీ అదే పనికొస్తుంది.

తెలుగులో తొలి కార్టూనిస్టుగా తలిశెట్టి రామారావుని చెప్పుకుంటాం. ఆయన పుట్టినరోజు మే 20న తెలుగు కార్టూనిస్టుల దినోత్సవం జరుపుకుంటారు. తర్వాత ఆంధ్రపత్రికలో బాపు, ఆ తర్వాత ఉదయం రోజుల్లో మోహన్, ఈనాడులో ‘ఇదీ సంగతి’ అంటూ శ్రీధర్. ఇలా ఒక పెద్ద వరుసే ఉంది. వీళ్లందరికీ చేతికి అందిన ఒక పెద్ద పెట్టె మన పురాణాలు. తోలుబొమ్మలాట చూసిన జనం, హరికథ విన్న జనం, పౌరాణిక సినిమాలు చూసిన జనం మనం. గుర్రుపెట్టి నిద్రపోతున్న భారీ శరీరం గీసి, దాని మీద ఒక శాఖ పేరు రాస్తే కుంభకర్ణుడని వేరే చెప్పాలా? కొడుకు తప్పులు చూడలేని నాయకుడికి ధృతరాష్ట్రుడి కళ్లు. ఊరికే తలూపే అనుచరుడికి గంగిరెద్దు మొహం. 1957లో మాయాబజార్ వచ్చాక, పళ్లెం నిండా లడ్డూలు గీసి ముందు ఒక భారీ ఆకారాన్ని కూర్చోబెడితే చాలు, ఎవరో నిధులు మింగుతున్నారని తెలుగువాళ్లకి అర్థమైపోతుంది. అదే బొమ్మ ఢిల్లీలో వేస్తే? భోజనప్రియుడని అనుకుంటారు. అక్కడ ఘటోత్కచుడు ఉన్నాడు గానీ, మన ఎస్.వి. రంగారావు లేడు.

1982లో పార్టీ పెట్టి చైతన్యరథం ఎక్కిన ఎన్.టి. రామారావుగారి దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క ఇంకా ముందుకి పోయింది. తెర మీద ఆయన్ని కృష్ణుడిగా చూసిన కళ్లకి ఒక నెమలిపింఛం గీస్తే చాలు. పొగిడేవాళ్లకి అది దేవుడి గుర్తు, విమర్శించేవాళ్లకి అది వేషం గుర్తు. రెండు వైపులకీ ఒకే ఈక.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి. అలవాటైన గుర్తు మనకి పని తేలిక చేస్తుంది. చాలాసార్లు ఆ తేలికలోనే గాయం ఉంటుంది. పిరికి నాయకుడి చేతికి గాజులు తొడిగిన బొమ్మలు మీరు చూసే ఉంటారు. ఆ బొమ్మ చూసి నవ్విన ఇంట్లోనే గాజుల చేతులతో గొడ్డుచాకిరీ చేసే మనిషి ఉంటుంది. ఆ గాజులు ఆవిడకి పిరికితనం గుర్తా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణాలు మూయించింది గాజుల చేతులే కదా. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. గాజులు పిరికితనమని గీసే కార్టూనిస్టు దూబగుంట జ్ఞాపకాన్ని పక్కన పెట్టి, ఇంకెవరి జ్ఞాపకంలోంచో గీస్తున్నాడు. గీత ఎంత బాగున్నా ఆ బొమ్మని నేను ఒప్పుకోలేను.

ఇప్పుడు ఒకసారి సముద్రం దాటి వెళ్దాం. 1831, పారిస్. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్. చార్లెస్ ఫిలిపాన్ అనే పత్రికాధిపతి రాజుని ఎగతాళి చేసే బొమ్మలు వేశాడని కోర్టుకి లాగారు. ఆయన కోర్టులో నాలుగు ముఖాల బొమ్మలతో వాదించాడు. మొదటిది రాజు ముఖం. రెండోదానిలో బుగ్గలు కాస్త జారాయి. మూడోదానిలో నుదురు ఇంకా సన్నబడింది. నాలుగోది పూర్తిగా బేరిపండు. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఇదీ. మొదటిది రాజులా ఉందని శిక్షిస్తే, దానిలా ఉన్న రెండోదాన్నీ శిక్షించాలి. రెండోదానిలా ఉన్న మూడోదాన్నీ శిక్షించాలి. చివరికి దేశంలో ఉన్న బేరిపళ్లన్నిటినీ శిక్షిస్తారా?

కోర్టు కరగలేదు. జైలు, జరిమానా రెండూ వేసింది. ఆ తర్వాత జరిగింది చూడండి. పారిస్ గోడల మీద పిల్లలు బొగ్గుతో, సుద్దతో బేరిపళ్లు గీయడం మొదలుపెట్టారు. రాజు ముఖం గీయాలంటే చిత్రకళ రావాలి. బేరిపండు గీయడానికి ఏమీ రానక్కర్లేదు. గుర్తుకి ఉన్న అసలు బలం ఇదే. అది చిత్రకారుడి చేతిలోంచి జారి ఎవరి చేతిలోకైనా వెళ్లిపోతుంది. ఆ రోజుల్లోనే దోమియే అనే చిత్రకారుడు, జనం మోసుకొచ్చిన డబ్బుని మింగుతున్న రాక్షసుడిగా రాజుని గీసి 1832లో జైలుకెళ్లాడు. 1835లో ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. బొమ్మలు అచ్చు వెయ్యాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. రాసిన మాటకి మాత్రం ఆ ముందస్తు అనుమతి పెట్టలేదు. అక్షరం కంటే బొమ్మకే ఎక్కువ భయపడ్డారని దీన్నిబట్టి మనకి తెలుస్తోంది.

అమెరికాలో థామస్ నాస్ట్ సంగతి కూడా ఇలాంటిదే. అక్కడి రిపబ్లికన్ పార్టీకి ఏనుగు గుర్తు స్థిరపడింది ఆయన 1874లో గీసిన బొమ్మతోనే. న్యూయార్క్ నగరాన్ని దోచుకున్న ట్వీడ్ అనే నాయకుడిని ఆయన తల ఉండాల్సిన చోట డబ్బు మూట పెట్టి గీశాడు. ముఖం లేదు, మూట మీద డాలరు గుర్తు ఉంది. ట్వీడ్ పారిపోయి 1876లో స్పెయిన్‌లో దొరికినప్పుడు, అక్కడివాళ్లు నాస్ట్ కార్టూన్లు చూసే అతణ్ణి పోల్చుకున్నారని చెప్తారు.

గుర్తులు ఎప్పుడూ బలహీనుల పక్షానే ఉంటాయని అనుకోకండి. 1857లో సిపాయిల తిరుగుబాటు జరిగింది. ఆగస్టు 22న లండన్ పంచ్ పత్రికలో జాన్ టెన్నియల్ ఒక పెద్ద బొమ్మ వేశాడు. ఒక సింహం పులి మీదికి దూకుతోంది. పులి కాళ్ల దగ్గర ఒక తెల్లజాతి స్త్రీ, ఒక పసిబిడ్డ పడి ఉన్నారు. సింహం బ్రిటన్. పులి మనం. ఆ బొమ్మ చూసిన లండన్ పాఠకుడికి కంపెనీ పాలనలో ఇక్కడ ఏం జరిగిందో అక్కర్లేదు. ఒక క్రూరమృగం, దాని మీద న్యాయమైన కోపం, అంతవరకే కనపడింది. మనిషిని మృగంగా గీస్తే చంపడం తేలిక అవుతుంది. నేను ఆ బొమ్మని చూసినప్పుడల్లా దాని పనితనం కంటే ఇదే ముందు కనపడుతుంది.

అదే పులి ఇంకోచోట ఎలా ఉందో చూడండి. అంతకు ఆరు దశాబ్దాల ముందు, మైసూరులో టిప్పు సుల్తాన్ దగ్గర ఒక కొయ్య పులి ఉండేది. తిప్పితే శబ్దం చేసే యంత్రం. ఆ పులి ఒక యూరోపియన్ సైనికుణ్ణి కింద పడేసి కొరుకుతూ ఉంటుంది. ఇప్పుడది లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక, ఆ విజయానికి గుర్తుగా ఇంగ్లీషువాళ్లు పతకాలు చేయించారు. వాటి మీద సింహం పులిని కింద పడేసి ఉంటుంది. ఒకే పులి. టిప్పు చేతిలో అది ధైర్యం. పంచ్ పత్రిక చేతిలో అది క్రౌర్యం. ఎవరి జ్ఞాపకంలోంచి వచ్చిందో చూడకుండా ఆ పులికి అర్థం చెప్పలేం.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడాలనుకున్న బొమ్మ దగ్గరికి వస్తున్నాను. ఇది మన దేశానిది. శంకర్ గీసింది. కేశవ శంకర్ పిళ్లై. 1948లో శంకర్స్ వీక్లీ పెట్టిన మనిషి. నెహ్రూకి మంచి స్నేహితుడు. నెహ్రూ మీదే ఎన్నో కార్టూన్లు వేశాడు.

1949 ఆగస్టు. రాజ్యాంగం రాయడం ఇంకా పూర్తవలేదు. శంకర్ ఒక నత్తని గీశాడు. దాని మీద రాజ్యాంగం అని రాసి ఉంది. నత్త మీద అంబేద్కర్ కూర్చుని ఉన్నారు. చేతిలో కొరడా. వెనక నెహ్రూ నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో కూడా కొరడా. చుట్టూ జనం చూస్తున్నారు. నత్తనడక అన్న మాట మనందరికీ తెలిసిందే. రాజ్యాంగం ఆలస్యమవుతోంది, ఇద్దరూ కలిసి తొందరపెడుతున్నారు. శంకర్ గీసింది ఇదీ అని చాలామంది చెప్తారు.

2006లో ఈ బొమ్మ ఎన్.సి.ఇ.ఆర్.టి. వాళ్ల పదకొండో తరగతి రాజనీతి శాస్త్రం పుస్తకంలో చేరింది. 2012 మే నెలలో పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది. అంబేద్కర్‌ని అవమానించారన్నారు. ఆ బొమ్మని తీసేస్తామని ప్రభుత్వం చెప్పింది. పుస్తకానికి సలహాదారులుగా ఉన్న యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. పల్షీకర్ పుణె కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. దాడి తప్పు. అందులో రెండో మాట లేదు.

కానీ కోపాన్ని మాత్రం మనం వినాలి. వాళ్లకి ఏం కనపడింది? ఒక దళితుడి వెనక ఒక బ్రాహ్మణుడు కొరడా ఎత్తి నిలబడ్డాడు. నత్త అని, రాజ్యాంగం అని, ఆలస్యం అని ఒక చదువరి ఆలోచిస్తుండగానే ఇంకో చదువరి కళ్లు ఆ కొరడా దగ్గర ఆగిపోయాయి. ఎందుకంటే వాళ్ల ఇంట్లో కొరడా అన్నది ఉత్త మాట కాదు. తాత వీపు మీద, ముత్తాత వీపు మీద పడ్డ దెబ్బ. ఆ దెబ్బ జ్ఞాపకం ఉన్నవాళ్లకి నెహ్రూ కొరడా నత్త మీదికి కాకుండా ముందు కూర్చున్న మనిషి మీదికి పోతున్నట్టు కనపడింది. వాళ్లు బొమ్మ చదవడం రాక పొరబడ్డారని అనడం అన్యాయం. వాళ్లు ఇంకో జ్ఞాపకంతో చదివారు.

ఆలస్యం అన్న మాట కూడా చూడండి. 1949 నవంబరు 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో లెక్క చెప్పారు. ముసాయిదాకి వచ్చిన సవరణలు సుమారు 7,635. సభలో ప్రతిపాదించి చర్చించినవి 2,473. అన్ని సవరణలకి జవాబు చెప్పుకుంటూ నడిచిన పనికి నత్త సరైన గుర్తేనా? ఈ అంకెలు తెలిశాక నాకైతే ఆ నత్త నప్పలేదు. శంకర్ గొప్ప చిత్రకారుడు. ఆ బొమ్మలో ఆయనకి ఆలస్యం కనపడింది గానీ, బరువు కనపడలేదు.

మన తెలుగువాడే, ఉన్నమతి శ్యామసుందర్ అనే పరిశోధకుడు ఈ గొడవ తర్వాత ఒక పెద్ద పని చేశారు. 1932 నుంచి 1956 దాకా ఇంగ్లీషు పత్రికల్లో అంబేద్కర్ మీద వచ్చిన కార్టూన్లని వెతికి, వందకు పైగా పోగుచేసి 2019లో పుస్తకంగా తెచ్చారు. ఆయన స్వయంగా కార్టూనిస్టు. ఆ బొమ్మలు వరుసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మిగతా నాయకుల పక్కన అంబేద్కర్‌ని చాలాసార్లు పొట్టిగా, చిన్నగా గీశారు. ఒక్క బొమ్మ చూస్తే ఏమీ అనిపించదు. వందా చూస్తే ఆ కొలత కూడా ఒక గుర్తేనని తెలుస్తుంది. ఎవరిని పెద్దగా గీశారు, ఎవరిని చిన్నగా గీశారు అన్నది కూడా చదవాలి. నత్తని ఒంటరిగా కాకుండా ఆ వరుసలో పెట్టి చూసినప్పుడే 2012 కోపం సరిగ్గా అర్థమవుతుంది.

బొమ్మని పుస్తకంలోంచి తీసేయడం నాకు ఇష్టం లేదు. తీసేస్తే ఈ చర్చంతా పోతుంది. బొమ్మ ఉండాలి, దాని పక్కన ఆ కోపం కూడా పాఠంగా ఉండాలి. 7,635 అన్న అంకె కూడా ఉండాలి.

మరి రేపు పొద్దున మీ ఇంటికి పత్రిక వస్తుంది. ఫోన్‌లో చదివేవాళ్లు కూడా ఉంటారు. కార్టూన్ దగ్గరికి రాగానే మనందరం ముందు కింద రాసిన మాట చదివేస్తాం. రేపు అలా చెయ్యకండి. ఆ మాట మీద బొటనవేలు పెట్టి మూయండి. బొమ్మ మాత్రం చూడండి. అందులో తన మామూలు పని చెయ్యని వస్తువు ఒకటి ఉంటుంది. కుర్చీ కావచ్చు, నిచ్చెన కావచ్చు, మేక కావచ్చు. దాన్ని పట్టుకోండి. అది నాకు ఏం గుర్తుచేస్తోంది అని అడగండి. ఇదే వస్తువు మా పనమ్మాయికి, మా కౌలు రైతుకి, పక్క రాష్ట్రంనుంచి వచ్చిన తాపీమేస్త్రికి ఏం గుర్తుచేస్తుంది అని కూడా అడగండి. అప్పుడు వేలు తియ్యండి. కింద మాట చదవండి. సగం గీతలో ఉంది, మిగతా సగం జ్ఞాపకంలో ఉంది. ఆ జ్ఞాపకం ఎవరిదో అడిగాకే నవ్వాలో వద్దో తేల్చుకోండి.

ఉపాధ్యాయులు ఎవరైనా వింటుంటే వాళ్లకి ఒక మనవి. వారానికి ఒక కార్టూన్ తరగతి గదిలోకి తీసుకెళ్లండి. గీసినవారి పేరు చెప్పకండి, కింద మాట చూపించకండి. ఇందులో ఏం కనపడుతోందని పిల్లల్ని అడగండి. మొదటి జవాబు మీరు అనుకున్నదానికి దూరంగా ఉన్నా తప్పని ఆపకండి. వెనక బెంచీలో కూర్చున్న పిల్లని ప్రత్యేకంగా అడగండి. వచ్చిన జవాబులన్నీ బోర్డు మీద రాయండి. ఆ తర్వాత గీసినవారి పేరు, తేదీ, ఆ వారం దేశంలో జరిగిన సంగతి చెప్పండి. ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లాడు ఆ జవాబు ఎందుకు చెప్పారో వాళ్లచేతే చెప్పించండి. పీరియడ్ సరిపోకపోతే మిగతాది మర్నాడు చెప్పుకోవచ్చు.